విమానం పంఖా రెక్కల కోణాన్ని కరెంటుతో మారిస్తే, ఆ కరెంటు పోయినప్పుడు సంగతేమిటి?

గజపతినగరం అమ్మాయి (సోమవారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. విజయనగరంలో బీటెక్ మెకానికల్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. తిరుగుతున్న ప్రొపెల్లర్ (విమానానికి ఉండే పంఖా) రెక్కల కోణాన్ని ఆయిల్ ప్రెషర్‌తో కాకుండా కరెంటు మోటారుతో మార్చడం నా ప్రాజెక్టు. చిన్న నమూనా చేశాను. నాలుగు రెక్కలు, మధ్యలో బోలుగా ఉన్న షాఫ్టు, ఆ షాఫ్టు లోపల ముందుకూ వెనక్కూ జరిగే సన్నటి రాడ్డు. రాడ్డు జరిగితే నాలుగు రెక్కలూ ఒకేసారి మెలి తిరుగుతాయి. దాన్ని జరపడానికి వెనక ఒక స్టెప్పర్ మోటారు (మెట్టు మెట్టుగా తిరిగేది), వర్మ్ గేరు పెట్టాను.

మొన్న రివ్యూలో మా గైడ్ గారు, "ఈ పని ఆయిల్ తొంభై ఏళ్ళుగా చేస్తోంది కదా, కరెంటుతో చేసినంత మాత్రాన ఇంధనం ఎలా మిగులుతుంది?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. టాపిక్ మార్చుకోమన్నారు. రెండు వారాల టైమ్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, కానీ దీన్ని వదలాలని లేదు.

నాకు తేలాల్సినవి రెండు. రెక్కల కోణానికీ ఇంధనానికీ లెక్క ఎక్కడ కలుస్తుంది? ఎగురుతూ ఉండగా కరెంటు పోతే రెక్కలు ఏ కోణంలో ఉండాలి?

పూసపాటిరేగ రైతు

అమ్మా, మాది భోగాపురం ఎయిర్‌పోర్టుకు దగ్గర ఊరు. 2023 మే 3న శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా ఇంట్లో పిల్లలకు విమానాల మాటే. అందుకే ఇది చదువుతున్నాను. అసలు రెక్కను తిప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు పదేళ్ళుగా ఒకే వంపులో ఉన్నాయి, గాలి బాగానే వస్తోంది.

చీపురుపల్లి మాజీ నేవీ

రైతు గారూ, సీలింగ్ ఫ్యాన్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దానికి ఒక వంపు చాలు. విమానం పంఖా తాను తిరుగుతూనే ముందుకు దూసుకుపోతుంది. తేడా అక్కడే వస్తుంది.

విమానం రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడు రెక్కకు గాలి దాదాపు అడ్డంగా, అది తిరిగే వైపు నుంచే తగులుతుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి కూడా కలిసి, రెక్కకు తగిలే గాలి దిశ ముందువైపుకు మళ్ళుతుంది. రెక్క పాత వంపులోనే ఉంటే గాలిని పట్టుకోలేక ఊరికే తిరుగుతుంది. సాలూరు ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సును మనసులో పెట్టుకోండి. ఘాట్‌లో ఫస్టు గేరు, సెకండు గేరు. కిందికొచ్చి చదునైన రోడ్డెక్కాక టాప్ గేరు. ఒకే గేరుతో రెండు పనులూ చేయిస్తే ఇంజనూ అరిగిపోతుంది, డీజిలూ అయిపోతుంది. ప్రొపెల్లర్‌కు రెక్కల కోణమే గేరు.

నేను నేవీలో డార్నియర్ 228 అనే చిన్న పంఖా విమానం మీద చాలా ఏళ్ళు పనిచేశాను. విశాఖలో నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఆ విమానాలు ఉంటాయి. ఒక చిన్న సంగతి చెబుతాను, ఎయిర్‌పోర్టుకు వెళ్ళినప్పుడు మీరే చూడవచ్చు. ఆగి ఉన్న డార్నియర్ రెక్కలు చపాతీలా చదునుగా, గాలిని కోయడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆగి ఉన్న ఏటీఆర్ (పంఖాలతో నడిచే ప్రయాణికుల విమానం) రెక్కలేమో అంచు ముందుకు పెట్టి కత్తుల్లా నిలబడి ఉంటాయి. డార్నియర్‌లోని టీపీఈ331 ఇంజన్‌లో పంఖా, టర్బైను (ఇంజన్ వేడి గాలికి తిరిగే చక్రం) గేర్ల ద్వారా ఒకే షాఫ్టుకు బిగించి ఉంటాయి. స్టార్టు చేసేటప్పుడు రెక్కలు గాలికి అడ్డుపడితే స్టార్టరు లాగలేదు. అందుకని ఇంజన్ ఆపేటప్పుడే రెక్కలను చదునుగా పెట్టి పిన్నులతో లాక్ చేస్తాం. ఏటీఆర్ ఇంజన్‌లో పంఖాను తిప్పే టర్బైను వేరు. దానికి ఆ ఇబ్బంది లేదు కాబట్టి రెక్కలు కత్తిలా నిలిచే ఫెదర్ కోణంలో ఆగుతాయి.

ఆయిల్ ప్రెషర్ పోతే రెక్కలు ఎటు వెళ్ళాలన్నది పంఖా తయారుచేసిన రోజే తేల్చుకుని పెడతారు. చెల్లెమ్మ అడిగిన రెండో ప్రశ్నకు మూలం ఇదే. దాని మీద మళ్ళీ వస్తాను.

పూసపాటిరేగ రైతు

ఇప్పుడు తెలిసింది బాబూ. కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు మేం చేసేదీ ఇలాంటిదే. గాలి జోరును బట్టి చేట ఎత్తు మారుస్తాం, వంపు మారుస్తాం. ఒకే వంపులో పట్టుకుంటే తాలుతో పాటు గింజా పోతుంది.

గజపతినగరం అమ్మాయి

నేవీ అంకుల్ చెప్పినదాన్ని లెక్కవేసి చూశాను. ఏటీఆర్ 72 పంఖా వ్యాసం 3.93 మీటర్లు, పూర్తి వేగంలో నిమిషానికి 1200 చుట్లు. రెక్క పొడవులో ముప్పాతిక దూరం దగ్గర చూస్తే అది సెకనుకు సుమారు 185 మీటర్ల వేగంతో తిరుగుతోంది. విమానం నేలను వదిలేటప్పుడు వేగం సెకనుకు 60 మీటర్లనుకుంటే, అక్కడ గాలి వచ్చే కోణం దాదాపు 18 డిగ్రీలు. పైన సమంగా సాగే క్రూయిజ్‌లో పంఖా వేగం 82 శాతానికి తగ్గుతుంది, విమానం వేగం సెకనుకు సుమారు 140 మీటర్లకు పెరుగుతుంది. అప్పుడు అదే చోట గాలి కోణం 42 డిగ్రీలు దాటుతోంది. అంటే గాలి దిశ ఒక్కటే 24 డిగ్రీలు మారింది. రెక్కకు గాలితో మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే బాగా పనిచేస్తుందని చదువుకున్నాం. ఇరవై నాలుగు డిగ్రీలను స్థిరమైన రెక్క ఎలా తట్టుకుంటుంది?

నెల్లిమర్ల ఫిట్టర్

లెక్క బాగుందమ్మా. కానీ నేను మీ గైడ్ గారి వైపే మాట్లాడతాను, ఏమనుకోవద్దు. జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాను. తిరిగే రోలరు లోపలికి కరెంటు పంపించాలంటే స్లిప్ రింగులు, కార్బన్ బ్రష్‌లు కావాలి. బ్రష్ అరుగుతుంది, పొడి రాలుతుంది, స్పార్క్ వస్తుంది. ఆయిల్ కారితే కంటికి కనిపిస్తుంది, సీలు మార్చుకుంటాం. కరెంటు కనెక్షన్ లూజైతే కనిపించదు, ఉన్నట్టుండి పోతుంది. ప్రాణాలతో పని ఉన్నచోట ఆయిల్‌నే నమ్ముతాను.

పలాస నుంచి బెంగళూరు

నాది పలాస. బెంగళూరులో విమాన విడిభాగాల డిజైన్ పనిలో ఉన్నాను. చెల్లీ, మీ గైడ్ గారు అడిగిన ప్రశ్న సరైనదే. మీరు జవాబును తప్పు చోట వెతుకుతున్నారు. కరెంటు వాడినందువల్ల ఇంధనం మిగలదు. మిగిలేది పెద్ద పంఖా వల్ల. ఆ పెద్ద పంఖా పనిచేయాలంటే కోణం మారాలి. కోణాన్ని తేలిగ్గా, కచ్చితంగా మార్చడానికి కరెంటు ఒక దారి. ఈ మూడూ ఈ వరుసలో చెబితే రివ్యూలో ఎవరూ ఆపలేరు.

కొంచెం వివరంగా రాస్తాను. జెట్ ఇంజన్‌లో ముందు ఫ్యాన్ లాక్కున్న గాలి రెండుగా చీలుతుంది. కొంత మధ్యలోని మంటల దాకా వెళ్తుంది, మిగతాది చుట్టూ బయటి దారిన పోతుంది. మధ్యలోకి ఒక వంతు పోతే బయటి దారిన ఎన్ని వంతులు పోతున్నాయన్నది బైపాస్ నిష్పత్తి. 1974లో మొదటిసారి నడిపిన సీఎఫ్ఎం56 జెట్ ఇంజన్ల కుటుంబంలో అది సుమారు 5, 6. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ320 నియోల మీద ఉన్న లీప్ ఇంజన్‌లో 11 దగ్గర. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడం, తక్కువ గాలిని జోరుగా నెట్టడం కంటే చవక. వెనక వేగంగా పోయే గాలిలో మిగిలిపోయిన శక్తి అంతా మనం తగలబెట్టిన ఇంధనమే కాబట్టి.

మరి ఫ్యాన్‌ను ఇంకా పెంచుకుంటూ పోవచ్చు కదా? పెంచితే దాని చుట్టూ ఉండే తొడుగు బరువు, గాలికి అది పెట్టే అడ్డు, రెండూ పెరిగి వచ్చిన లాభాన్ని తినేస్తాయి. తొడుగే తీసేస్తే అది ఓపెన్ ఫ్యాన్. 1970లలో చమురు ధరలు పేలినప్పుడు నాసా ఈ దారి పట్టింది. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ జీఈ36 ఇంజన్ 1986లో బోయింగ్ 727 మీద, మరుసటి ఏడాది ఎండీ 80 మీద ఎగిరింది. దాని రెక్కలు కోణం మార్చుకునేవే. తర్వాత చమురు చవకైంది, ఆ ఇంజన్ మార్కెట్‌కు రాలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, అప్పుడే ఆపకుండా ఉంటే ఎక్కడుండేవాళ్ళమో. 2021 జూన్‌లో జనరల్ ఎలక్ట్రిక్, సఫ్రాన్ కలిసి రైజ్ అనే కార్యక్రమం ప్రకటించాయి. ఇప్పటి ఇంజన్ల కంటే 20 శాతానికి పైగా ఇంధనం తగ్గించడం వాళ్ళ లక్ష్యం. అందులోనూ ముందు తొడుగు లేని ఫ్యాన్, కోణం మారే రెక్కలు.

కోణం మారే రెక్కలు ఎందుకు తప్పవంటే, గాలిని తక్కువగా నొక్కే పెద్ద ఫ్యాన్ టేకాఫ్‌లోనూ క్రూయిజ్‌లోనూ ఒకే కోణంతో నడవలేదు. క్రూయిజ్‌కు సరిపడా పెడితే టేకాఫ్‌లో రెక్క మీద గాలి తెగిపోతుంది, అంటే స్టాల్ అవుతుంది. ఇంకో లాభం ఉంది. రెక్కను ఎదురు కోణానికి తిప్పితే దిగాక అదే బ్రేకులా పనిచేస్తుంది. ఇప్పటి జెట్‌లలో ఆ పనికోసం మోస్తున్న రివర్సర్ తలుపుల బరువు అక్కర్లేదు.

కరెంటు ఎక్కడ కలిసొస్తుందో ఇప్పుడు చెబుతాను. ఆయిల్ పద్ధతిలో నిలకడగా ఉన్న భాగం నుంచి తిరిగే భాగంలోకి అధిక ప్రెషర్ ఆయిల్‌ను పంపాలి. ఆ సీళ్ళు, పైపులు, పంపు అన్నీ బరువే. కారుతాయి కూడా. విమానాల్లో చాలా పనులు ఇప్పటికే కరెంటు వైపు జరిగాయి. బోయింగ్ 787లో చక్రాల బ్రేకులు కరెంటువే. ఫిట్టర్ గారూ, బ్రష్‌ల గురించి మీ భయం నిజమే. అందుకే ఇప్పుడు మోటారును తిరిగే భాగంలో పెట్టకుండా ఈ చెల్లి చేసినట్టు నిలకడ భాగంలో పెట్టి బేరింగ్ ద్వారా రాడ్డును జరపడం ఒక దారి. ఒకదాన్నొకటి తాకని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలతో తిరిగే భాగంలోకి కరెంటు పంపడం ఇంకో దారి.

నరసన్నపేట సోషల్ మాస్టారు

ఇది కొత్త ఆలోచన కాదు, పాత ఆలోచన తిరిగి వస్తోంది. కెనడాకు చెందిన వాలెస్ టర్న్‌బుల్ కరెంటు మోటారుతో కోణం మారే ప్రొపెల్లర్‌ను 1927లోనే విమానం మీద పరీక్షించాడు. తర్వాత కర్టిస్ ఎలక్ట్రిక్ అనే ప్రొపెల్లర్ రెండో ప్రపంచయుద్ధంలో పీ-40, పీ-38, పీ-47 యుద్ధ విమానాల మీద పనిచేసింది. హబ్‌కు (రెక్కలు బిగించే మధ్య భాగానికి) ముందు చిన్న మోటారు, దాని వేగాన్ని బాగా తగ్గించే గేర్లు, కరెంటు అందించడానికి స్లిప్ రింగులు, బ్రష్‌లు. ఆయిల్ పద్ధతిని హామిల్టన్ స్టాండర్డ్ కంపెనీలో ఫ్రాంక్ కాల్డ్‌వెల్ తయారుచేశాడు. 1933కు గాను అమెరికా విమాన రంగపు కాలియర్ ట్రోఫీ ఆ పనికే దక్కింది. పోటీలో చివరకు ఆయిలే గెలిచింది.

ఎందుకు గెలిచిందో చెల్లెమ్మ రిపోర్టులో తప్పకుండా రాయాలి. బీ-26 బాంబర్ కొత్తల్లో బ్యాటరీలు బలహీనంగా ఉన్నప్పుడు ఈ కరెంటు ప్రొపెల్లర్లు అదుపు తప్పి, రెక్కలు చదునై, పంఖా విపరీతమైన వేగంతో తిరిగిన సంఘటనలు ఉన్నాయి. నెల్లిమర్ల ఫిట్టర్ గారు ఇప్పుడు అంటున్న మాటను ఆనాటి పైలట్లు ఎంతో నష్టపోయి తెలుసుకున్నారు.

నెల్లిమర్ల ఫిట్టర్

ధన్యవాదాలు మాస్టారూ. చెల్లీ, అయితే నీ ప్రాజెక్టు అసలు విషయం కోణం మార్చడం కాదు. కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందన్నదే నీ ప్రాజెక్టు. అది చూపించు.

టెక్కలి గాలిమర

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. మాది టెక్కలి దగ్గర పల్లె. పని కోసం అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు వచ్చి గాలిమరల మెయింటెనెన్స్‌లో చేరాను. మీరు మాట్లాడుకుంటున్న పనే మేం రోజూ చేస్తున్నాం. పెద్ద గాలిమరల్లో రెక్కల కోణాన్ని కొన్ని కంపెనీలు ఆయిల్‌తో, కొన్ని కరెంటు మోటార్లతో మారుస్తాయి. నేను చూసేవి మోటార్లవి. ఒక్కో రెక్కకు ఒక్కో మోటారు, మూడూ హబ్‌లోనే ఉంటాయి. వెనకనుంచి స్లిప్ రింగ్ ద్వారా కరెంటు వస్తుంది.

గ్రిడ్ పోయినా, స్లిప్ రింగ్ చెడినా రెక్కలు ఫెదర్‌కు వచ్చి తీరాలి. లేకపోతే జోరు గాలిలో మర ఆగదు. అందుకే హబ్‌లోనే బ్యాటరీలో, సూపర్ కెపాసిటర్లో పెడతారు. బయటి కరెంటు పోయిన క్షణంలో అవి మోటారును నడిపి రెక్కను కత్తిలా నిలబెడతాయి. మేం ఎక్కినప్పుడు ముందు చూసేది ఆ బ్యాకప్ ఆరోగ్యమే. ఒక్కో రెక్కకు విడిగా పెట్టడానికీ కారణం ఉంది. ఒకటి మొరాయించినా మిగతా రెండు వస్తే మర వేగం తగ్గుతుంది.

ఫిట్టర్ అన్నా, మీరన్నట్టు బ్రష్ పొడి వస్తుంది. ఆరు నెలలకోసారి తుడుస్తాం. దానికి షెడ్యూలు ఉంటుంది.

గజపతినగరం అమ్మాయి

అన్నా, ఇది నాకు చాలా పెద్ద సాయం. అయితే నా వర్మ్ గేరు తప్పు. కరెంటు పోతే అది రెక్కలను ఉన్నచోటే బిగించి పట్టుకుంటుంది. దాన్ని తీసేసి వెనక్కి కూడా తేలిగ్గా కదిలే బాల్ స్క్రూ పెడతాను. కరెంటు ఉన్నంతసేపు బ్రేక్ పట్టుకుని ఉంటుంది. కరెంటు పోగానే బ్రేక్ వదులుతుంది, స్ప్రింగ్ రెక్కలను ఫెదర్‌కు లాగుతుంది.

చీపురుపల్లి మాజీ నేవీ

ఒక్క నిమిషం ఆగమ్మా. గాలిమర నేల మీద ఉంటుంది. రెక్కలు ఫెదర్ అయితే అది ఆగిపోతుంది, అంతే. విమానం ఆగకూడదు.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో ఏటీఆర్ 72 కూలి 72 మంది పోయారు. విచారణ నివేదిక ప్రకారం ల్యాండింగ్‌కు ముందు ఫ్లాప్ లీవరుకు (విమానం రెక్క వెనక పలకలను దించేది) బదులు రెండు ఇంజన్ల కండిషన్ లీవర్లను (పంఖా రెక్కలను ఫెదర్ చేయగలవి) ఫెదర్‌కు జరిపారు. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి, కానీ రెక్కలు కత్తుల్లా నిలబడిపోవడంతో ముందుకు నెట్టే బలం లేకుండా పోయింది. ఆ నివేదిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నోసార్లు ఈ చేతులతోనే ఫెదర్ చెక్ చేసినవాణ్ణి.

కాబట్టి మూడు దారులూ తూచి చూడాలి. ఒకటి, రెక్క ఉన్నచోటే ఆగిపోవడం. ఇంజన్ బాగుంటే కొంతసేపు ఎగరవచ్చు, కానీ ఇంజన్ కూడా పోతే ఆ రెక్కలు గోడలా గాలికి అడ్డు నిలబడతాయి. రెండు, ఫెదర్‌కు వెళ్ళడం. రెండో ఇంజన్ ఉన్న విమానానికి మంచిదే. కానీ రెప్పపాటు కరెంటు కొట్టుకున్నా రెండు పంఖాలూ ఫెదర్ అయితే పోఖరాయే. మూడోది చదును కావడం. అది బీ-26 కథ, ఎన్నడూ వద్దు.

నా సలహా, కరెంటు పోగానే బ్రేక్ వదలకూడదు. కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి. ఈలోగా రెండో లైను నుంచి కరెంటు వస్తే ఏమీ కానట్టే సాగాలి. రాకపోతేనే ఫెదర్.

పలాస నుంచి బెంగళూరు

నేవీ అన్నయ్య చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు ఇంజన్ల పంఖాలకు కరెంటు ఒకే బస్ (కరెంటు పంచే లైను) నుంచి తీసుకోకూడదని కూడా రాయండి.

బొబ్బిలి వైండింగ్ షాపు

నాకు విమానాల గురించి తెలియదు. మోటార్లు చుడతాను. బ్రేక్ కాయిల్‌కు సమాంతరంగా పెద్ద కెపాసిటర్ వేస్తే కరెంటు పోయాక కాసేపు పట్టి ఉంచుతుంది. ఎంతసేపన్నది కెపాసిటర్ సైజును బట్టి. డయోడ్ పెట్టడం మరిచిపోకు, లేకపోతే కెపాసిటర్‌లోని కరెంటు మిగతా సర్క్యూట్‌లోకి వెనక్కి పోతుంది. ఆదివారం షాపు ఖాళీ. తీసుకొస్తే ఇక్కడే బిగిద్దాం, డబ్బులేమీ వద్దు.

గజపతినగరం అమ్మాయి (తర్వాతి సోమవారం రాత్రి)

నిన్న బొబ్బిలి వెళ్ళాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులోనే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు కోణం పరీక్ష. పంఖా వేగం మారకుండా ఉంచి రెక్కల కోణం పెంచుకుంటూ పోయాం. స్ప్రింగ్ త్రాసు మీద లాగే బలం పెరిగింది, అమ్మీటరూ పెరిగింది. ఒక కోణం దాటాక త్రాసు ముల్లు ఆగిపోయింది, అమ్మీటరు మాత్రం పైకే పోయింది. పలాస అన్న రాసిన స్టాల్ అదే. తర్వాత ముందు నుంచి పెద్ద పెడెస్టల్ ఫ్యాన్‌తో గాలి కొట్టించి అదే పరీక్ష మళ్ళీ చేశాం. ఈసారి ముల్లు ఆగిన కోణం ఇంకా పైకి జరిగింది. ఎదురుగాలి పెరిగితే కోణం పెరగాలన్న మాట మా కళ్ళముందే కనిపించింది. గైడ్ గారికి చూపించాల్సింది ఇదే.

తర్వాత కరెంటు తీసేసే పరీక్ష. పంఖా ఆగి ఉన్నప్పుడు బాగా వచ్చింది. కెపాసిటర్ కాసేపు పట్టింది, బ్రేక్ వదిలింది, స్ప్రింగ్ రెక్కలను ఫెదర్‌కు లాగింది. పంఖా తిరుగుతుండగా చేస్తే మాత్రం రెక్కలు ఫెదర్‌కు వెళ్ళలేదు. చదునువైపు వెళ్ళాయి. భయమేసింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే.

చీపురుపల్లి మాజీ నేవీ

భయపడకు తల్లీ. తిరిగే రెక్కకు చదునుగా పడుకోవాలనే గుణం సహజంగా ఉంటుంది. రెక్క వెడల్పులో ఉన్న బరువంతా తిరిగే తలంలోకి రావాలని లాక్కుంటుంది. నీ స్ప్రింగ్ ఆ బలానికి చాలలేదు. పెద్ద పంఖాల్లో ఆ బలాలు ఎంతుంటాయో ఒక లెక్క చెబుతాను. పది కిలోల రెక్క, దాని బరువుకేంద్రం ఇరుసు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 1200 చుట్లు అనుకో. అది హబ్‌ను బయటికి లాగే బలం దాదాపు 13 టన్నుల బరువుకు సమానం. అంత బరువు మోస్తున్న బేరింగ్ మీద రెక్కను మెలితిప్పాలి.

దీనికి విరుగుడు ఆ బలంలోనే ఉంది. రెక్క మొదట్లో, రెక్క వెడల్పుకు అడ్డంగా చిన్న చేయి బిగించి దాని కొసన బరువు పెట్టు. వాటిని కౌంటర్ వెయిట్లు అంటాం. ఆ బరువు కూడా తిరిగే తలంలోకి రావాలనే చూస్తుంది, వచ్చే క్రమంలో రెక్కను ఫెదర్‌కు తిప్పుతుంది. పంఖా ఎంత జోరుగా తిరిగితే అంత గట్టిగా తిప్పుతుంది.

గజపతినగరం అమ్మాయి (బుధవారం)

నాలుగు రెక్కలకూ చిన్న ఇనుప చేతులు, వాటి కొసన నట్లు బిగించాను. ఒక్కో చేతికి ఒక నట్టు పెడితే చాలలేదు. రెండు పెడితే రెక్కలు మధ్యలో ఆగాయి. మూడు పెట్టాక, పంఖా పూర్తి వేగంలో ఉండగా కరెంటు తీసేస్తే, కెపాసిటర్ పట్టినంతసేపు పట్టి, తర్వాత నాలుగు రెక్కలూ ఫెదర్‌కు వెళ్ళాయి. వరుసగా ఐదుసార్లు. మా నాన్న పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీశారు.

కానీ ఇప్పుడు ఇంకొకటి తేలింది. కౌంటర్ వెయిట్లు ఎప్పుడూ ఫెదర్ వైపు లాగుతున్నాయి కాబట్టి కోణం తగ్గించాలంటే స్టెప్పర్ మోటారు ఇదివరకటి కంటే ఎక్కువ కరెంటు తీసుకుంటోంది, వేడెక్కుతోంది. ఒక్కసారి స్టెప్పులు కూడా తప్పింది.

టెక్కలి గాలిమర

స్టెప్పరుకు తాను స్టెప్పు తప్పానని తెలియదు చెల్లీ. రాడ్డు అసలు ఎక్కడుందో చూసే సెన్సర్ విడిగా పెట్టు. మా మరల్లో ఒక్కో రెక్కకు రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ వేర్వేరు కోణాలు చూపిస్తే మర తనంతట తానే ఆగుతుంది.

బొబ్బిలి వైండింగ్ షాపు

స్టెప్పరు వదిలెయ్. నా దగ్గర పాత మెషిన్‌లోంచి తీసిన సర్వో మోటారు ఒకటుంది, వెనక ఎన్‌కోడర్‌తో (ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) సహా. రివ్యూ సోమవారం కదా, శనివారం సాయంత్రం వచ్చెయ్. నట్లు మూడుకూ రెండుకూ మధ్యలో వాషర్లు వేసి కూడా చూద్దాం, మోటారుకు ఎంత భారం తగ్గుతుందో రాసుకోవచ్చు.

గజపతినగరం అమ్మాయి

వస్తాను అన్నయ్యా. వాషర్లు విజయనగరంలో కొని తెస్తాను. నేవీ అంకుల్, మీకు వీలైతే శనివారం బొబ్బిలి రాగలరా? ఫెదర్ చెక్ ఎలా చేస్తారో మీ చేతులతో ఒక్కసారి చూడాలని ఉంది.

చీపురుపల్లి మాజీ నేవీ

మధ్యాహ్నం ట్రైన్‌కు వస్తానమ్మా.